పట్టుబడికి ముందు చెరువు చేపలో యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష: నమూనా తీయడం నుంచి రిపోర్టు చదవడం దాకా

ఒడిశాలోని గంజాం జిల్లాలో బరంపురం, చికిటి, ఛత్రపురం పరిసరాల్లోనూ, గజపతి జిల్లాలో పర్లాకిమిడి వైపునా చెరువులు నడుపుతున్న తెలుగు రైతులు కొంతకాలంగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: కొనుగోలుదారు యాంటీబయాటిక్ రిపోర్టు కావాలంటున్నాడు, చేపను ఎక్కడికి పంపాలి? ప్రశ్న సహజమే గానీ, ఎక్కడికి పంపాలన్నది చివర తేలే విషయం. ఏ మందు కోసం వెతకాలి, ఆ మందు చేప ఒంట్లో ఏ రూపంలో, ఏ భాగంలో మిగులుతుంది అన్నవి ముందు తేల్చుకోకుండా ఎంత మంచి ల్యాబుకు పంపినా "లేదు" అనే రిపోర్టు రావచ్చు. ఆ "లేదు"కు అర్థం మీరు అడిగిన మందు లేదని మాత్రమే.

ఈ మార్గదర్శి ముఖ్యంగా బొచ్చె, రోహు, పంగస్ పెంచేవారి కోసం. వన్నామీ రొయ్యకు పద్ధతి మారే చోట ఆ సంగతి అక్కడే చెప్పాను.

1. ఏ మందు కోసం వెతుకుతున్నారో ముందు రాసుకోండి

పరీక్షించాల్సిన మందులు రెండు తరగతులు. మొదటి తరగతిలో ఏ మోతాదులోనూ వాడకూడనివి ఉంటాయి: క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు, మెట్రోనిడజోల్ వంటి నైట్రోఇమిడజోల్‌లు. తీరప్రాంత సాగును నియంత్రించే కేంద్ర సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రొయ్యల సాగుకు ఇచ్చిన నిషేధిత జాబితాలో ఫ్లోరోక్వినోలోన్‌లు, నియోమైసిన్, నాలిడిక్సిక్ యాసిడ్ కూడా ఉన్నాయి. క్లోరాంఫెనికాల్‌నూ నైట్రోఫ్యూరాన్లనూ ఆహారం కోసం పెంచే ఏ జీవికీ వాడకుండా కేంద్రం 2025లో నిషేధించింది గనుక, ఇది ఎగుమతి రొయ్యకే పరిమితమైన గొడవ అనుకోవడానికి ఇప్పుడు వీలు లేదు.

రెండో తరగతిలో కొంత పరిమితి దాకా అవశేషం ఉండవచ్చని ఒప్పుకున్నవి ఉంటాయి. కేంద్ర ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2011 నిబంధనల్లో ఆక్సీటెట్రాసైక్లిన్‌కు కిలోకు 0.1 మిల్లీగ్రాము, ఆక్సోలినిక్ యాసిడ్‌కు 0.3 మిల్లీగ్రాము, ట్రైమెథోప్రిమ్‌కు 0.05 మిల్లీగ్రాము అని పేర్కొన్నారు. ఆ నిబంధనలకు తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి, పరీక్షకు ఇచ్చే రోజున అమలులో ఉన్న పరిమితినే రిపోర్టులో చూపమని ల్యాబును అడగాలి.

ఎక్కువ మంది పొరబడేది నైట్రోఫ్యూరాన్ల దగ్గర. ఫ్యూరజోలిడోన్ అనే నైట్రోఫ్యూరాన్ చేప ఒంట్లో కొన్ని గంటల్లోనే విరిగిపోతుంది. దాని నుంచి పుట్టిన ఏఓజెడ్ అనే పదార్థం కండలోని ప్రోటీన్‌కు అంటుకుని వారాలు, నెలల తరబడి నిలిచిపోతుంది. అందుచేత "ఫ్యూరజోలిడోన్ పరీక్ష చేయండి" అని రాసిస్తే అక్కడ దొరకనిదాన్ని వెతకమని అడిగినట్టే. నైట్రోఫ్యూరాన్ల పరీక్ష అంటే ఏఓజెడ్, ఏఎంఓజెడ్, ఏహెచ్‌డీ, సెమికార్బజైడ్ అనే నాలుగు మెటబొలైట్ల (మందు ఒంట్లో విరిగాక మిగిలే పదార్థాల) పరీక్ష. ఫారంలో ఈ నాలుగు పేర్లూ విడివిడిగా రాయాలి.

ఇలాంటివే మరో రెండు ఉన్నాయి. ఎన్రోఫ్లోక్సాసిన్ కొంత భాగం చేప ఒంట్లో సిప్రోఫ్లోక్సాసిన్‌గా మారుతుంది, కనుక రెండింటినీ కలిపి అడగాలి. బూజుకూ పరాన్నజీవులకూ వాడే మలాకైట్ గ్రీన్ యాంటీబయాటిక్ కాదు, రంగు. అయినా కొనుగోలుదారులు దాన్నీ అడుగుతారు, అది ల్యూకో (రంగు లేని) రూపంలో కొవ్వులో నిలుస్తుంది. పంగస్ వంటి కొవ్వు చేపలో ల్యూకోమలాకైట్ గ్రీన్‌ను పరీక్షించకుండా మలాకైట్ గ్రీన్ ఒక్కదాన్నే చూసిన రిపోర్టు పెద్దగా పనికిరాదు.

కొనుగోలుదారు ఏ మార్కెట్‌కు పంపుతాడో కూడా అడిగి తెలుసుకోండి. ఐరోపా సమాఖ్యకు వెళ్లే సరుకులో క్లోరాంఫెనికాల్ కిలోకు 0.15 మైక్రోగ్రాము, నైట్రోఫ్యూరాన్ మెటబొలైట్లు ఒక్కొక్కటి 0.5 మైక్రోగ్రాము చేరితే చాలు, చర్య తీసుకుంటారు. ఈ అంకెలు 2022 నవంబరు 28 నుంచి అమలులో ఉన్నాయి. కిలోకు ఒక మైక్రోగ్రామునే పీపీబీ అంటారు: పది టన్నుల లారీలు వంద నిండా చేప ఉంటే, ఆ మొత్తంలో కలిసిన ఒక్క గ్రాము మందు అన్నమాట. ఇంత సూక్ష్మంగా చూసే పరీక్షలో చేతికి అంటిన పూత కూడా లెక్కలోకి వస్తుంది. కింద శుభ్రత గురించి చాదస్తంగా రాసినట్టు కనిపిస్తే కారణం ఇదే.

2. చెరువు పుస్తకాన్ని సరిచూసుకోండి

నమూనా తీయడానికి ముందు రోజు గట్టు మీద కూర్చుని, మేత వేసే మనిషినీ కాపలాదారునీ పిలిచి, ఈ పంటలో చెరువులోకి వెళ్లిన ప్రతి వస్తువునూ రాయించాలి. యజమానికి తెలియకుండా దుకాణదారు సలహా మీద మేతలో కలిపిన పొడి ఉంటే బయటపడేది ఇక్కడే. అడిగేటప్పుడు మందలించే గొంతు వద్దు. భయపడిన మనిషి ఖాళీ ప్యాకెట్టును పొయ్యిలో వేస్తాడు.

రాయవలసినవి:

- మందు, మేత, ప్రోబయోటిక్, మినరల్ మిక్స్: పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ
- మొదలుపెట్టిన రోజు, ఆపిన రోజు, రోజుకు ఎంత మేతలో ఎంత కలిపారు
- ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం నీటి ఉష్ణోగ్రత
- కోళ్ల ఎరువు, కోడి వ్యర్థాలు, హోటల్ మిగుళ్లు వాడి ఉంటే ఎక్కడి నుంచి తెచ్చారు
- పక్క చెరువు నీరు తూము ద్వారా గానీ గండి ద్వారా గానీ వచ్చిందా
- పిల్ల ఎక్కడి హేచరీది, ఏ రోజు వదిలారు

కోళ్ల ఎరువును తేలిగ్గా తీసుకోకండి. కోళ్ల ఫారాల్లో ఎన్రోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటివి వాడతారు, వాటిలో కొంత రెట్టలోకి వెళుతుంది. చెరువులో ఒక్క మాత్ర వేయని రైతుకు కూడా అవశేషం కనిపించడానికి ఇదొక దారి.

పేరూ ఊరూ లేని ప్యాకెట్టు ఏదైనా దొరికితే పారేయకుండా, అందులో మిగిలిన పొడిని విడి కవరులో మూసి, నమూనాలకు దూరంగా వేరే గదిలో దాచండి. తర్వాత మూలం వెతకాల్సి వస్తే అది అక్కరకు వస్తుంది.

3. రోజులు వెనక నుంచి లెక్క కట్టండి

పట్టుబడి తేదీ నుంచి వెనక్కి లెక్కించడమే సరైన పద్ధతి. అనుమతించిన మందు వాడి ఉంటే ముందుగా దాని లేబుల్ మీద ఉన్న విరామ కాలం (మందు ఆపాక చేప పట్టే ముందు ఆగాల్సిన రోజులు) పూర్తి కావాలి. లేబుల్‌లో చేపకు విరామం రాయకపోతే మత్స్య వైద్యం తెలిసిన అధికారి సలహా తీసుకోవాలి. ఐరోపాలో ఇలాంటి సందర్భాల్లో చాలాకాలం వాడిన కనీస కొలత 500 డిగ్రీ-రోజులు. అంటే నీటి సగటు ఉష్ణోగ్రతను రోజుల సంఖ్యతో హెచ్చవేస్తే 500 రావాలి. నీరు 28 డిగ్రీలుంటే సుమారు 18 రోజులు, పుష్యమాసపు చలిలో 22 డిగ్రీలకు దిగితే 23 రోజులు. వేసవిలో సరిపోయిన విరామం చలికాలంలో చాలకపోవడానికి కారణం, చల్లని నీటిలో చేప మందును నెమ్మదిగా వదిలించుకోవడమే.

ఈ లెక్క నిషేధిత మందులకు వర్తించదు. వాటికి విరామ కాలం అనే మాటే లేదు.

విరామం ముగిశాక నమూనా తీసి, రిపోర్టుకు కనీసం పది రోజులు, అవసరమైతే రెండోసారి పరీక్షకు మరో పది రోజులు చేతిలో ఉంచుకోవాలి. మొత్తం మీద పట్టుబడికి మూడు వారాల ముందు నమూనా తీస్తే ఊపిరాడుతుంది. వల వేసే రోజు ఖరారు చేసుకుని, లారీ మాట్లాడుకుని, ఐసు కొనుక్కున్నాక రిపోర్టు కోసం ఎదురుచూసేవారికి ఆ రిపోర్టు ఏం చెప్పినా చేయగలిగింది ఉండదు. నమూనా తీసిన రోజు నుంచి పట్టుబడి దాకా చెరువులో ఏ కొత్త మందూ, కొత్త బ్యాచ్ మేతా వేయకూడదు. వేస్తే ఆ రిపోర్టు ఆ చెరువుది కాదు.

4. సామగ్రి

ముందు రోజు రాత్రే సిద్ధం చేసుకోవలసినవి:

- పొడి లేని నైట్రైల్ గ్లౌజులు, చెరువుకు రెండు జతల చొప్పున
- కొత్త బ్లేడు లేదా ఇంటిదైన స్టీలు కత్తి, ప్లాస్టిక్ పలక
- మందపాటి కొత్త జిప్ కవర్లు, ఒక్కో నమూనాకు రెండేసి
- చిన్న కాటా, తడికి చెరగని పెన్ను, లేబుళ్లు, అతుకు టేపు
- థర్మాకోల్ పెట్టె, తాగునీటితో చేసిన ఐసు లేదా జెల్ ప్యాక్‌లు
- మంచినీళ్లు, సబ్బు, శుభ్రమైన కాగితపు తువ్వాళ్లు

బజారులో చేపలు కోసే కత్తిపీట వాడకండి. దాని మీద అంతకుముందు ఎవరి చెరువు చేప తెగిందో ఎవరికీ తెలియదు.

నమూనా తీసే మనిషి చేతులు, కళ్లు కూడా చూడాలి. కళ్లకలకకు వాడే క్లోరాంఫెనికాల్ క్యాప్సూల్ లేదా ఆయింట్‌మెంటు, కాలిన గాయాలకు రాసే నైట్రోఫ్యూరజోన్ (ఇదీ నైట్రోఫ్యూరానే) పూత మన ఇళ్లలో మామూలు. ఆ పూత రాసుకున్న వేలితో చేపను తాకితే నిషేధిత మందు దొరికినట్టు రిపోర్టు రావచ్చు. అలాంటి మందు వాడుతున్న వారిని ఆ రోజు గ్లౌజులతో కూడా ఈ పనికి పెట్టకపోవడమే మంచిది. మేతలో మందు కలిపే మనిషికీ ఇదే నియమం.

5. చెరువులో నుంచి చేపను ఎంచుకోవడం

వెదురు గడలకు కట్టిన మేత సంచుల దగ్గర విసురువల వేస్తే చేపలు సులువుగా దొరుకుతాయి, అందుకే అందరూ అక్కడే వేస్తారు. అయితే అక్కడ దొరికేవి బాగా మేత తినే చేపలు. మందు మేతలో వెళ్లింది కనుక అవి ఎక్కువ తిని ఉంటాయి. నీరసించి మేత ముట్టని చేప ఒంట్లో మందు తక్కువగా ఉంటుంది. ఒక్క చోటి చేప చెరువు మొత్తానికి సాక్ష్యం చెప్పలేదు.

(అ) నాలుగు మూలల దగ్గరా, నడుమా వల వేయండి. మేత చోటు ఆ అయిదింటిలో ఒకటిగా ఉండవచ్చు, అంతకు మించి వద్దు.

(ఆ) పెద్ద చేపలైతే కనీసం ఆరు తీసుకోండి. ఆరింటిలో చిన్నవీ పెద్దవీ ఉండాలి. బొచ్చె, రోహు కలిపి పెంచుతుంటే ఒక్కో జాతికి వేరు నమూనా చేయడం ఉత్తమం. ఖర్చు భరించలేకపోతే ఎక్కువ సరుకున్న జాతిని ఎంచుకుని, లేబుల్ మీద ఆ జాతి పేరే రాయండి.

(ఇ) రొయ్యలైతే అన్ని చోట్ల నుంచీ కలిపి ఒకటిన్నర కిలో పట్టండి. తల, పెంకు తీశాక కండ దాదాపు సగమే మిగులుతుంది.

(ఈ) చనిపోయి తేలిన చేపను నమూనాలో కలపకండి. దాన్ని విడిగా పరీక్షించాలనుకుంటే వేరే నంబరు వేయండి.

(ఉ) రెండు చెరువుల చేపను ఒకే కవరులో ఎప్పుడూ వేయకండి. ఖర్చు కలిసివస్తుందని అయిదారు చెరువులకు ఒకే నమూనా పంపేవారున్నారు. ఒక చెరువులోని అవశేషం మిగతా అయిదింటి శుభ్రమైన కండలో పలచబడి పరీక్షకు అందకుండా పోవచ్చు. ఒకవేళ అందినా ఏ చెరువుదో తేలదు. అలా ఆదా చేయడం కంటే అసలు పరీక్ష చేయించకపోవడమే నయమని నా అభిప్రాయం.

పట్టిన చేపను వలలోని నీరు కారాక, ఐసు నీటిలో ముంచి చంపి, వెంటనే నీడకు చేర్చండి.

6. కండ తీయడం

ల్యాబు మొత్తం చేపను తీసుకుంటానంటే చేపను కోయకుండా ఐసులో పెట్టి పంపవచ్చు, అది అన్నిటికంటే క్షేమం. కండ పంపమంటే మాత్రం ఈ వరుస తప్పకూడదు.

మొదట చేపను మంచినీటితో ఒక్కసారి కడిగి, కాగితంతో తుడవాలి. పొలుసులు పూర్తిగా తీసేయాలి. ఆక్సీటెట్రాసైక్లిన్ కాల్షియాన్ని పట్టుకుని ఎముకలోనూ పొలుసులోనూ పేరుకుంటుంది, పొలుసు ముక్క కండతో పాటు నలిగితే అంకె పెరుగుతుంది. తర్వాత గ్లౌజులు మార్చుకోవాలి.

పొట్ట చీల్చవద్దు. కూర చేపకు అలవాటు కొద్దీ ముందు పొట్ట కోసి పేగులు లాగుతారు. పేగులో మందు కలిసిన మేత ఉంటే ఆ రసం కండ మీదకు పాకుతుంది. దానికి బదులు వీపు రెక్క వెనక నుంచి కత్తి దింపి, వెన్నుముల్లు ఆనుకుని తోక వైపు జరుపుతూ, పక్కగీతకు పైనున్న వీపు కండను చర్మంతో సహా ముక్కగా తీయాలి. పొట్టగోడ దగ్గరికి కత్తి రానే కూడదు. చర్మం ఎందుకంటే, చేపకు అవశేష పరిమితిని కండ, దానికి సహజంగా అంటి ఉన్న చర్మం కలిపి లెక్కిస్తారు.

ఒక్కో చేప నుంచి సరిగ్గా 100 గ్రాములే తూచి తీసుకోండి. మూడు కిలోల బొచ్చె నుంచి అరకిలో, ముప్పావు కిలో బొచ్చె నుంచి చిన్న ముక్క తీస్తే ఫలితమంతా ఆ పెద్ద చేపదే అవుతుంది. ఆరు చేపల నుంచి వచ్చిన 600 గ్రాములను చిన్న ముక్కలు చేసి, బాగా కలిపి, 200 గ్రాముల చొప్పున మూడు కవర్లలో వేయాలి: ఒకటి ల్యాబుకు, ఒకటి వివాదం వస్తే తీయడానికి ముద్ర వేసి మీ దగ్గర, ఒకటి కొనుగోలుదారుకు. ఇంటి మిక్సీలో రుబ్బి పంపకండి. మసాలా అంటిన జార్ కంటే ల్యాబు యంత్రం మేలు.

రొయ్యకు తల, పెంకు, తోక రెక్కలు ఏమీ మిగలకుండా ఒలవాలి. పెంకులో సెమికార్బజైడ్ సహజంగానే ఉంటుంది. నైట్రోఫ్యూరజోన్ మెటబొలైట్ కూడా అదే కనుక, పెంకుతో నలిపిన నమూనాలో అది కనబడితే, వాడని మందుకు రైతు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఒక చెరువు పని ముగిశాక కత్తి, పలక సబ్బుతో కడిగి, గ్లౌజులు మార్చి, తర్వాతి చెరువుకు వెళ్లాలి. మందు వాడలేదని నమ్మకమున్న చెరువు ముందు, అనుమానమున్న చెరువు చివర.

7. లేబుల్, ఫారం

లేబుల్ లోపలి కవరుకు, బయటి కవరుకు మధ్య ఉండాలి. మాంసానికి తగలకూడదు, ఐసు నీటికి తడవకూడదు. లేబుల్ మీద నమూనా నంబరు, చెరువు నంబరు, జాతి, తీసిన తేదీ, సమయం, తీసినవారి సంతకం ఉంటే చాలు. రైతు పేరు ఫారంలో ఉంటుంది.

సరిహద్దుకు అటూ ఇటూ చెరువులున్నవారికి ఒక చిక్కు ఉంది. ఆంధ్రలో భూమికి సర్వే నంబరు రాస్తాం, ఒడిశా పట్టాలో మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా నంబరు, ప్లాట్ నంబరు ఉంటాయి. ఫారంలో సర్వే నంబరు అని అడిగిన చోట ఖాతా నంబరు ఒక్కటే రాస్తే ఏ చెరువో తేలదు, ఎందుకంటే ఒక ఖాతా కింద అనేక ప్లాట్లు ఉండవచ్చు. మౌజా, ఖాతా, ప్లాట్ మూడూ పట్టాలో ఎలా ఉన్నాయో అలాగే, అక్షరం మారకుండా రాయండి. కౌలు చెరువైతే కౌలుదారు పేరు, పట్టాదారు పేరు రెండూ ఉండాలి. వన్నామీ చెరువుకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ నంబరునూ, ఎంపెడాలో (సముద్ర ఉత్పత్తుల ఎగుమతిని చూసే కేంద్ర సంస్థలో) నమోదై ఉంటే ఆ నంబరునూ జతచేయాలి.

ఫారంలోని "కోరిన పరీక్ష" గడిలో "యాంటీబయాటిక్స్" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. మొదటి అంచెలో రాసుకున్న పేర్లన్నీ అక్కడికి ఎక్కాలి.

8. ఐసు, ప్రయాణం

కండ కవర్లను వీలైతే మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా గడ్డకట్టించి, ఆ తర్వాతే పెట్టెలో సర్దాలి. అడుగున ఐసు, నడుమ నమూనా, పైన ఐసు. నమూనా బరువుకు రెట్టింపు ఐసు ఉంటే రాత్రి ప్రయాణానికి ఆగుతుంది. ఫార్మలిన్, ఉప్పు, స్పిరిట్ ఏవీ కలపకూడదు.

బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖపట్నం అంతకంటే వంద కిలోమీటర్లు ఎక్కువ. రెండూ 16వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి కనుక రాత్రి బస్సులో వేస్తే తెల్లవారేసరికి చేరుతుంది. శుక్రవారం రాత్రి మాత్రం వేయకండి. శనివారం తీసుకునే మనిషి లేకపోతే పెట్టె సోమవారం దాకా వరండాలో ఉండిపోతుంది, కరిగి నీరైన నమూనాను ల్యాబు తిరస్కరించడం న్యాయమే. సోమ, మంగళ వారాల్లో పంపి, బయలుదేరే ముందు ల్యాబుకు ఫోను చేసి, చేరాక పెట్టె తెరిచినప్పటి ఉష్ణోగ్రతను రసీదు మీద రాయించుకోండి.

9. ఏ పరీక్ష, ఏ ల్యాబు

గట్టు మీద చేసే స్ట్రిప్పు, ల్యాబులో కిట్‌తో చేసే ఎలీసా, అణువుల బరువును బట్టి మందును కచ్చితంగా గుర్తించే యంత్ర పరీక్ష ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ అని మూడు మెట్లు ఉన్నాయి.

స్ట్రిప్పు మీ సొంత అవగాహనకు మాత్రమే. కిట్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచి, వాడే ముందు గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి, కాగితంలో చెప్పిన నిమిషాలకే చదవాలి. కోవిడ్ కిట్‌కు అలవాటు పడిన కళ్లు ఇక్కడ బోల్తా పడతాయి: అక్కడ రెండు గీతలు వస్తే వ్యాధి ఉన్నట్టు. ఈ స్ట్రిప్పుల్లో చాలావాటిలో మందు ఉంటే రెండో గీత మాయమవుతుంది లేదా పలచబడుతుంది, రెండు గీతలూ చక్కగా వస్తే మందు లేనట్టు. నియంత్రణ (కంట్రోల్) గీత రాకపోతే ఆ స్ట్రిప్పు చెల్లదు. సూక్ష్మజీవి పెరుగుదల ఆగిందా లేదా అని రంగుతో చెప్పే కిట్లు టెట్రాసైక్లిన్, సల్ఫా వంటి వాటికి పనికొస్తాయి గానీ, క్లోరాంఫెనికాల్‌కూ నైట్రోఫ్యూరాన్ మెటబొలైట్లకూ అవసరమైనంత సూక్ష్మంగా పట్టలేవు.

ఎలీసా జల్లెడ పట్టే పరీక్ష. ఖర్చు తక్కువ, ఒకేసారి చాలా నమూనాలు చూడవచ్చు. నైట్రోఫ్యూరాన్లకైతే కండకు అంటుకున్న మెటబొలైట్‌ను విడదీయడానికి యాసిడ్, నైట్రోబెంజాల్డిహైడ్ కలిపి సాధారణంగా రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచుతారు. ఉదయం ఇచ్చి సాయంత్రం రిపోర్టు ఇస్తామనే వారిని ఆ రాత్రి సంగతి అడగండి. ఎలీసా పొరపాటున "ఉంది" అనవచ్చు కనుక, అలా వచ్చిన ప్రతిదాన్నీ ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ మీద నిర్ధారించుకోవాలి. వివాదంలో నిలబడేది ఈ మూడోదే.

ల్యాబును ఎంచుకునేటప్పుడు ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా అని అడిగి ఊరుకుంటే చాలదు. ఆ గుర్తింపు ఏ పదార్థంలో, ఏ అవశేషానికి, ఏ పద్ధతికి వర్తిస్తుందో చెప్పే పరిధి పట్టిక ఉంటుంది. పాలలో క్లోరాంఫెనికాల్‌కు గుర్తింపు ఉన్న ల్యాబుకు చేప కండలో ఏఓజెడ్‌కు గుర్తింపు ఉండకపోవచ్చు. ఎగుమతి రొయ్యకు భువనేశ్వర్‌లోని ఎంపెడా కార్యాలయాన్ని ముందుగా సంప్రదించి, పట్టుబడి ముందు పరీక్షకు వారి ఏర్పాటు ఏమిటో తెలుసుకోవడం సరైన దారి. నమూనా పద్ధతి మీద సందేహాలుంటే బరంపురం పక్కనే రంగెయిలుండాలో ఉన్న మత్స్య కళాశాలలో అడగవచ్చు.

10. రిపోర్టు చదవడం

ఫలితం కంటే ముందు ఈ నాలుగూ చూడండి:

- నమూనా నంబరు, చెరువు నంబరు మీవేనా
- అడిగిన ప్రతి అవశేషం పేరూ ఉందా, లేక కొన్ని వదిలేశారా
- పద్ధతి, ఆ పద్ధతి కనిపెట్టగల కనీస పరిమాణం రాశారా
- యూనిట్ మైక్రోగ్రామా, మిల్లీగ్రామా

"ఎన్‌డీ" అంటే కనబడలేదని అర్థం, కానీ ఎంత దాకా చూడగలిగితే కనబడలేదు అన్నది దాని పక్కనుండే అంకె చెబుతుంది. క్లోరాంఫెనికాల్‌కు కనిపెట్టగల కనీసం కిలోకు 1 మైక్రోగ్రాము అని ఉంటే, 0.15 అడిగే కొనుగోలుదారుకు ఆ "ఎన్‌డీ" ఎందుకూ కొరగాదు. 0.08 మిల్లీగ్రాము, 80 మైక్రోగ్రాములు ఒకటే. ఒకరు ఆ యూనిట్‌లో, మరొకరు ఈ యూనిట్‌లో చూసుకుని తగువు పడిన సందర్భాలు తక్కువేమీ కాదు.

రిపోర్టు అడుగున "ఈ ఫలితం అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తుంది" అనే వాక్యం ఉంటుంది. నమూనా చెరువుకు ప్రతినిధి అవునా కాదా అన్న బాధ్యత ల్యాబుది కాదు, తీసినవారిది.

11. అవశేషం ఉందని వస్తే

పట్టుబడి ఆపండి. ఆ చెరువు నీటిని పక్క చెరువుకు గానీ కాలువకు గానీ వదలకండి, అక్కడ వాడిన వలను వేరే చెరువులో దించకండి.

అనుమతించిన మందు పరిమితికి మించి ఉంటే పని సులభం: మేతలో మందు పూర్తిగా ఆపి, మళ్లీ విరామం లెక్కించి, అదే పద్ధతిలో కొత్త నమూనా తీయాలి. రెండు రిపోర్టుల్లోని అంకెలను పోల్చి చూస్తే అవశేషం ఏ వేగంతో తగ్గుతోందో తెలుస్తుంది.

నిషేధిత మందు వస్తే ముందు నిర్ధారణ పరీక్ష చేయించండి. అందులోనూ వస్తే ఆ సరుకును తిండికి అమ్మే దారి లేదు, స్థానిక బజారులో తక్కువ ధరకైనా సరే. జిల్లా మత్స్యశాఖ అధికారికి తెలియజేసి వారు చెప్పినట్టు నడుచుకోవాలి. కొన్నాళ్లు ఆగితే పోతుందని ఎదురుచూడడం, ముఖ్యంగా ఏఓజెడ్ విషయంలో, మేత ఖర్చు పెంచుకోవడమే.

ఆ తర్వాత మూలం వెతకాలి. ఈ వరుసలో వెళితే డబ్బు తక్కువ ఖర్చవుతుంది: మొదట దాచిన అనామక ప్యాకెట్టు, తర్వాత ప్రోబయోటిక్, మినరల్ పొడులు, తర్వాత మేత బ్యాచ్, ఆపైన కోళ్ల ఎరువు, చివరకు తూము ద్వారా వచ్చిన నీరు. ఒక్కోదాన్నీ విడి నమూనాగా, చేప నమూనాలతో ఒకే పెట్టెలో కాకుండా పంపాలి. పొడి కాస్త చిందినా పెట్టెలోని చేపంతా పాజిటివ్ అవుతుంది. పొడిలోనూ మేతలోనూ వెతకాల్సింది అసలు మందును, అంటే ఫ్యూరజోలిడోన్‌నే. ఏఓజెడ్ చేప ఒంట్లోకి వెళ్లాక తయారయ్యేది గనుక, మేత నమూనా ఫారంలో చేప ఫారాన్ని చూసి రాస్తే ఈసారి తప్పు అటు నుంచి జరుగుతుంది.

మీ దగ్గర ముద్ర వేసి ఉంచిన 200 గ్రాముల కవరును సరుకు డబ్బు పూర్తిగా చేతికి వచ్చేదాకా డీప్ ఫ్రీజరులోనే ఉంచండి. ఎగుమతి సరుకైతే అవతలి రేవులో పరీక్ష ముగిసిందని కొనుగోలుదారు రాసి ఇచ్చేదాకా తీయవద్దు. మధ్యలో కరెంటు పోయి కవరు కరిగితే ఆ తేదీని దాని మీదే రాయండి. కరిగి మళ్లీ గట్టిపడిన నమూనాను వివాదంలో ఎదుటివారు ఒప్పుకోకపోవచ్చు, ఆ సంగతి దాచి ఇవ్వడం వల్ల మీ మిగతా కాగితాలకు కూడా విలువ పోతుంది.